ఊకలో దాగిన గోధుమ: ఖప్లీ గురించి తిరుపతి సోదరి అడిగిన ప్రశ్నలకు సమాధానం

అమ్మా, తరువాత చదివేవారికి కూడా సందర్భం తెలియడానికి మీరు అడిగిన విషయాలను ముందు ఒక్కచోట చేర్చి చెబుతాను. మీ వారికి నాలుగేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. ఖప్లీ గోధుమలో గ్లూటెన్ ఉండదనీ, అది తింటే చక్కెర పెరగదనీ ఎవరో చెప్పగా తిరుపతిలో ఒక దుకాణంలో కిలో 160 రూపాయలు పెట్టి పిండి కొన్నారు. ఆ పిండితో చపాతీ చేస్తే అంచులు చీలి, మడిస్తే విరిగిపోతోంది కనుక అది నకిలీదేమోనని మీ అనుమానం. పుంగనూరు దగ్గర మీ అత్తగారి ఊళ్ళో బోరు కింద ఎకరం నేల ఉంది, అందులో ఈ గోధుమ వేయవచ్చా అన్నది చివరి ప్రశ్న. నేను వ్యవసాయ శాఖలో పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి విరమించినవాడిని. మదనపల్లె దగ్గర సొంత పొలంలో కొన్ని సెంట్లలో పదకొండేళ్ళుగా ఖప్లీ పండిస్తున్నాను, మా ఇంట్లో దాన్నే తింటున్నాము. ఆ అనుభవమూ, శాస్త్రజ్ఞులు నిర్ధారించిన సంగతులూ కలిపి ఈ సమాధానం రాస్తున్నాను.

చపాతీ విరగడం నకిలీకి గుర్తు కాదు. ఆ మాటకొస్తే అసలైన ఖప్లీ పిండి చేసే పనే అది. ఖప్లీ పేరుతో కొన్న పిండి మామూలు గోధుమ పిండిలాగా సాగుతూ, పెనం మీద చక్కగా పొంగి, సాయంత్రం దాకా మెత్తగా ఉంటే అప్పుడు అనుమానించాలి. పిండిని నీళ్ళతో కలిపినప్పుడు గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని సాగే జిగురుగా మారతాయి. ఆ జిగురునే గ్లూటెన్ అంటారు. మనం రోజూ వాడే గోధుమలో ఈ జిగురుకు బిగువునిచ్చే గ్లూటెనిన్‌లు కొన్ని ఖప్లీలో పుట్టుకతోనే లేవు. జిగురు ఉంటుంది, కానీ బలహీనంగా ఉంటుంది. అందువల్ల ముద్ద సాగకుండా తెగుతుంది, ఎక్కువసేపు పిసికితే బిగుసుకోవడానికి బదులు చేతికి అంటుకుంటుంది.

ఇది ఎందుకు ఇలా ఉందో తెలియాలంటే ఈ గింజ పుట్టుక కొంచెం తెలుసుకోవాలి. గోధుమలన్నీ ఒకటే జాతి కావు. అన్నిటికంటే పాతదైన ఐన్‌కార్న్ గోధుమలో 14 క్రోమోజోములు, అంటే కణంలో వంశ లక్షణాలను మోసే పోగులు, ఉంటాయి. ఖప్లీలో 28 ఉంటాయి. దీన్ని శాస్త్రజ్ఞులు ట్రిటికం డైకాకం అనీ, పాశ్చాత్య దేశాల వారు ఎమ్మర్ అనీ అంటారు. సేమియా, పాస్తా చేసే డ్యూరం గోధుమలో కూడా 28 ఉంటాయి, అది ఈ ఎమ్మర్ సంతతే. మన చపాతీ పిండి, మైదా వచ్చే రొట్టె గోధుమలో మాత్రం 42 క్రోమోజోములు ఉన్నాయి. సాగులో ఉన్న ఎమ్మర్ జాతి గోధుమ ఒకటి, పొలం గట్ల మీద పెరిగే ఏజిలాప్స్ అనే ఒక గడ్డితో సహజంగా సంకరం కావడం వల్ల మిగతా 14 వచ్చి చేరాయి. రొట్టె పొంగడానికి కావలసిన బిగువులో పెద్ద భాగం ఆ గడ్డి ఇచ్చిన వాటానే. ఆ గడ్డి కలవక ముందటి గోధుమ ఖప్లీ. కాబట్టి దానితో పుల్కా పొంగలేదని బాధపడవలసిన పని లేదు.

ఎంత పాతదో చెప్పడానికి ఒకటి రెండు సంగతులు చాలు. ఇజ్రాయెల్‌లోని గలిలీ సరస్సు ఒడ్డున ఓహాలో అనే చోట, సుమారు 23,000 ఏళ్ళ కిందట మనుషులు నివసించిన గుడిసెల అవశేషాల్లో అడవి ఎమ్మర్ గింజలు దొరికాయి. అప్పటికి సేద్యం లేదు, ఏరుకొచ్చి తిన్నారు. ఆగ్నేయ టర్కీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో సుమారు 10,000 ఏళ్ళ కిందట దీన్ని విత్తి పండించడం మొదలైంది. ఈజిప్టులో ఫారోల కాలమంతా రొట్టెకూ, పులియబెట్టిన పానీయానికీ ఇదే ముఖ్యమైన గోధుమ. టూటన్‌ఖామెన్ సమాధిలో కూడా ఈ గింజలు దొరికాయి. మన ఉపఖండంలో బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో, సింధు నగరాలకు చాలా ముందు కాలపు పొరల్లో, బార్లీతో పాటు ఎమ్మర్ ఆనవాళ్ళు కనిపించాయి.

ఇంత ఘనమైన గింజ తరువాత ఎందుకు మూలకు పోయింది అంటే, దాని ఊక వల్ల. ఖప్లీ గురించి తెలుసుకోవలసిన అసలు విషయం ఇదే. దాని ధర, నిలవ గుణం, విత్తే పద్ధతి, నకిలీని పట్టుకునే పద్ధతి అన్నీ ఈ ఊకను బట్టే ఉంటాయి కనుక ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. మామూలు గోధుమ కంకిని కొట్టగానే గింజ ఊక నుంచి విడిపోయి రాలుతుంది. చేటతో చెరిగితే మరకు సిద్ధం. ఖప్లీ కంకిని కొడితే గింజ రాలదు. కంకి కణుపు కణుపుగా విరిగి చిన్న చిన్న గుల్లలుగా పడుతుంది. ఒక్కొక్క గుల్లలో సాధారణంగా రెండేసి గింజలు, గట్టి ఊకలో బిగుసుకుని ఉంటాయి. డైకాకం అన్న పేరుకు రెండు గింజలది అనే అర్థం. మన ప్రాంతపు రైతుకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. సామలు, కొర్రలు, అరికలు కళ్ళంలో నూర్చిన తరువాత కూడా దంచితే గాని తినడానికి రావు కదా, ఇదీ అటువంటిదే. పూర్వం కొంచెం నీళ్ళు చిలకరించి, రోటిలో వేసి, రోకలితో మెల్లగా దంచి, చెరిగి, విడిపోని గుల్లలను మళ్ళీ దంచేవారు. ఆ శ్రమ తప్పించే డ్యూరం, రొట్టె గోధుమలు దొరికినచోటల్లా జనం ఖప్లీని వదిలేశారు. క్రీస్తు పూర్వం 332లో అలెగ్జాండర్ ఈజిప్టును గెలుచుకుని, గ్రీకు పాలన స్థిరపడ్డాక, వేల ఏళ్ళ ఎమ్మర్ స్థానంలోకి డ్యూరం వచ్చేసింది. మన దేశంలో 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి రకాల గోధుమ విత్తనం దిగుమతి అయిన తరువాత మిగిలిన పాత రకాల సాగు కూడా వేగంగా తగ్గింది. ఇవాళ దేశపు గోధుమ సాగులో సుమారు 95 శాతం రొట్టె గోధుమ, 4 శాతం డ్యూరం కాగా ఖప్లీది దాదాపు 1 శాతమే.

ఆ ఒక్క శాతమైనా దక్కన్ పీఠభూమిలో ఎందుకు మిగిలిందన్నది నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం. ప్రశ్నకు కాస్త పక్కదైనా చెప్పకుండా ఉండలేను. వేరుశనగ రైతులకు తుప్పు తెగులు తెలుసు. గోధుమకు కూడా తుప్పు తెగుళ్ళు ఉన్నాయి, వాటిలో కాండానికి వచ్చే నల్ల తుప్పు దక్షిణాదిన భయంకరమైనది. ఉత్తరాది మైదానాల్లో వేసవి ఎండకు ఈ శిలీంధ్రం చచ్చిపోతుంది. చల్లగా ఉండే నీలగిరి, పళని కొండల మీద మాత్రం అది ఏడాది పొడవునా బతికి, అక్కడి నుంచి గాలితో దక్కన్ పొలాల మీదికి వస్తుందని కె.సి. మెహతా అనే శాస్త్రజ్ఞుడు ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలోనే నిరూపించారు. ఆ తుప్పును ఖప్లీ చాలావరకు తట్టుకుంటుంది. అమెరికా శాస్త్రజ్ఞులు స్టాక్‌మన్, లెవిన్ 1922లో నల్ల తుప్పు తెగుల్లోని తెగలను గుర్తించడానికి ఎంచుకున్న 12 గోధుమల్లో మన ఖప్లీ ఆ పేరుతోనే ఉంది. ప్రపంచమంతటా తెగుళ్ళ శాస్త్రం చదివినవారికి ఈ పేరు అలా తెలిసింది. అమెరికాలోనే ఎడ్గర్ మెక్‌ఫాడెన్ యారోస్లావ్ అనే ఎమ్మర్‌ను మార్క్విస్ అనే రొట్టె గోధుమతో సంకరం చేసి హోప్ అనే రకం తీశారు. తుప్పును నిదానింపజేసే ఆ గుణం దాని ద్వారా తరువాతి ఎన్నో గోధుమ రకాలకు చేరింది. ఖప్లీ జన్మలో ఒక్కసారి కూడా రుచి చూడనివారి పళ్ళెంలోని రొట్టె వెనుక కూడా ఎమ్మర్ జాతి చేసిన మేలు ఉంది. అందుకే దీన్ని కేవలం ఒక ఆరోగ్య సరుకుగా అమ్మడం నాకు బాధగా ఉంటుంది.

ఇక పేర్ల విషయం. మహారాష్ట్రలో ఖప్లీ, కర్ణాటకలో జవే గోధి, గుజరాత్‌లో పోపటియా, తమిళనాడులో సాంబా గోదుమై అంటారు. అరవ నాడు ఆనుకుని ఉన్నందువల్ల చిత్తూరు, తిరుపతి వైపు పాత కిరాణా దుకాణాల్లో సాంబా రవ్వ అన్న పేరు మనకు ముందు నుంచీ వినిపిస్తూనే ఉంది. అంటే ఇది మనకు కొత్తగా వచ్చిన వింత ధాన్యం కాదు. అయితే ఇవాళ సాంబా రవ్వ అని పొట్లం మీద రాసి ఉన్నదంతా ఎమ్మర్ కాదు, మామూలు గోధుమను లావుగా విరిచి ఆ పేరుతో అమ్మేవారు ఉన్నారు. అలాగే బన్సీ రవ్వ అనేది డ్యూరం గోధుమది. బొంబాయి రవ్వ సాధారణంగా రొట్టె గోధుమ నుంచి తవుడు తీసేసిన రవ్వ. పైగంబరీ, సోనా మోతీ అని గుండ్రటి గింజలతో వచ్చేవి కూడా ప్రాచీన గోధుమల పేరుతోనే అమ్ముడవుతున్నాయి. పైగంబరీ వేరే జాతి, దానిలో 42 క్రోమోజోములు ఉంటాయి. ఏదీ చెడ్డది కాదు, కానీ ఒకదాని ధర పెట్టి ఇంకొకటి కొనకూడదు.

పిండిని చూసి రకం చెప్పడం నాకు కూడా సాధ్యం కాదు. అందువల్ల ఈసారి పిండి కొనవద్దు, గింజ కొనండి. ఖప్లీ గింజ సన్నగా, పొడవుగా, రెండు కొనలూ మొనదేలి, వీపు కొంచెం గూనిగా, ఎర్రటి తేనె రంగులో ఉంటుంది. డ్యూరం గింజ కూడా గాజులా మెరుస్తుంది గాని లావుగా, నిండుగా, పసుపు పచ్చగా ఉంటుంది. మామూలు గోధుమ పొట్టిగా, ఉబ్బుగా ఉంటుంది. రంగు కంటే నమ్మదగిన గుర్తు ఒకటుంది. అసలైన ఖప్లీని మరలో వేసి ఊక తీస్తారు కనుక కిలోలో ఎక్కడో ఒకచోట ఊక విడవని గుల్లలు కొన్ని మిగిలిపోతాయి, కొన్ని గింజల కొనలు విరిగి ఉంటాయి, గింజల మీద సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక్క గుల్ల కూడా లేకుండా, ప్రతి గింజా నిగనిగలాడుతూ ఒకే తీరుగా ఉంటే అమ్మేవారిని ఇది ఎక్కడ పండింది, ఎక్కడ ఊక తీశారు అని అడగండి. సాంగ్లీ, సాతారా, కొల్హాపూర్, బెళగావి వైపు నుంచి తెప్పించేవారు ఊరి పేరుతో సహా చెప్పగలరు. ధర ఎక్కువ ఉండటానికి న్యాయమైన కారణం కూడా ఇక్కడే ఉంది. గుల్లల బరువులో దాదాపు నాలుగో వంతు ఊకగా పోతుంది, మర ఖర్చు పడుతుంది, కొంత గింజ నూక అవుతుంది.

గ్లూటెన్ గురించి మీరు విన్న మాట తప్పు, దాన్ని గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది. ఖప్లీలో గ్లూటెన్ ఉంది. బలహీనమైన జిగురు అన్నది వేరు, జిగురు లేకపోవడం వేరు. ఇందులో మాంసకృత్తుల శాతం మామూలు గోధుమ కంటే తక్కువ కాదు, తరచు 12 నుంచి 15 మధ్య ఉంటుంది. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ అనే వ్యాధి ఉన్నవారికి అన్నిటికంటే ఎక్కువ హాని చేసే ఒక గ్లయడిన్ ముక్క, ముందు చెప్పిన ఏజిలాప్స్ గడ్డి నుంచి వచ్చిన క్రోమోజోముల వాటా కనుక, ఖప్లీలో లేదన్నది నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకునే గ్లూటెన్ లేని గోధుమ అనే ప్రచారం పుట్టింది. హాని చేసే ముక్కలు ఇంకా ఉన్నాయి, అవి ఖప్లీలో ఉన్నాయి. సీలియాక్ ఉన్న పిల్లవాడికి ఇది పెట్టకూడదు, ఒక్క చెంచా రవ్వ కూడా పెట్టకూడదు. గోధుమ అలర్జీ ఉన్నవారికీ ఇదే మాట. మీ ఇంట్లో ఆ సమస్య ఎవరికీ లేకపోతే గ్లూటెన్ గురించి ఆలోచించనవసరం లేదు, చక్కెర వ్యాధికి గ్లూటెన్ కారణం కాదు.

మీ వారి చక్కెర సంగతి. ఖప్లీ కూడా గోధుమే, దాని బరువులో ఎక్కువ భాగం పిండి పదార్థమే, అది అరిగి చక్కెరగానే రక్తంలోకి చేరుతుంది. అది తింటే చక్కెర పెరగదు అన్న మాటను ఏ గింజ గురించీ ఎవరూ అనకూడదు. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మధుమేహం ఉన్నవారికి మామూలు గోధుమకు బదులు డైకాకం గోధుమ కొన్ని వారాలు పెట్టి చూసి, రక్తంలో చక్కెర, కొవ్వు కొంత తగ్గాయని ప్రకటించారు. ఆశ కలిగించే విషయమే గాని, అటువంటి అధ్యయనాలు చిన్నవి, వాటిని పట్టుకుని మాత్ర తగ్గించుకోవడానికి వీలు లేదు. నా అభిప్రాయంలో ఖప్లీ చేసే మేలులో ఒక ముఖ్య భాగం దాన్ని వండే తీరు నుంచి వస్తుంది. గింజ గట్టిది కనుక రవ్వ బిరుసుగా విరుగుతుంది, తవుడుతో సహా ఉంటుంది, ఉడికిన తరువాత కూడా పలుకుగా నిలుస్తుంది. అటువంటి పలుకు కడుపులో నిదానంగా అరుగుతుంది. అదే గింజను మెత్తని పిండి చేసి పలుచటి రొట్టెలు చేసుకుంటే ఆ లాభంలో కొంత మరలోనే పోతుంది.

ఊహించడం కంటే కొలిచి చూడటం మంచిది. మీ ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఒక పని చేయండి. ఒక ఉదయం ఆయన రోజూ తినే బియ్యపు రవ్వ ఉప్మానో, ఇడ్లీనో పెట్టి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన వేళ నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు చక్కెర చూడండి. రెండు రోజుల తరువాత 50 గ్రాముల ఖప్లీ రవ్వతో, అదే వేళకు, అంతే కూరగాయలు, అంతే నూనె, అవే మందులు, అంతే నడకతో మళ్ళీ చూడండి. పోల్చే రోజున పలహారం బియ్యపు రవ్వదైతే అది కూడా 50 గ్రాములే ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు. ఇలా రెండు మూడు సార్లు చూస్తే ఆయన ఒంటికి ఏది ఎలా పడుతోందో మీకే తెలుస్తుంది. ఇన్సులిన్ గాని, చక్కెరను వేగంగా దించే మాత్రలు గాని వాడుతుంటే తిండి మార్చే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. మూత్రపిండాల సమస్య ఉన్నా అంతే.

వంట విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. ఖప్లీని చపాతీ గోధుమగా చూడటం మానేసి రవ్వ గోధుమగా చూడండి. తరతరాలుగా దీన్ని పండించిన ప్రాంతాల్లో దీని గౌరవం పాయసానికీ, రవ్వకూ, సేమియాకూ ఉంది. ఉత్తర కర్ణాటకలో జవే గోధిని ఊక తీసి, నానబెట్టి, ఉడికించి, బెల్లంతో చేసే హుగ్గి పండుగ వంటకం. మనం కూడా గింజలను రాత్రి నానబోసి, ఉదయం ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళతో కుక్కర్లో ఆరేడు కూతలు రానిచ్చి, చిత్తూరు బెల్లం, ఏలకులు, పాలు లేదా కొబ్బరిపాలు చేర్చి చేసుకోవచ్చు. గింజ చితికిపోకుండా కొరుకుడు తగులుతూ ఉంటుంది, ఆ కొరుకుడే దాని రుచి. ఈ పాయసం మీ వారికి కాదు, ఇంట్లో పిల్లలకు. ఆయనకు రవ్వ ఉప్మా చేయండి. రవ్వను ముందు పొడిగా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, ఒక గ్లాసుకు రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు మరిగించి పోసి, చిన్న మంట మీద మూత పెట్టి పావుగంట ఉడికించి, దించాక ఇంకో పది నిమిషాలు కదపకుండా ఉంచితే పలుకు పలుకుగా విడివడుతుంది. బీన్సు, క్యారెట్టు, బఠాణీ కలిపి రవ్వతో సమానంగా కూరగాయలు పడాలి. మా ఇంట్లో రాగి సంగటిలో బియ్యపు నూకకు బదులు ఖప్లీ నూక వేస్తాము, పక్కన ఊరిబిండి. రాగి పిండి కలపక ముందు ఆ నూకను ఇంకో పావుగంట ఎక్కువ ఉడికించాలి, అంతే తేడా.

కొన్న పిండి పారేయనవసరం లేదు. ఒక వంతు మామూలు గోధుమ పిండికి రెండు వంతులు ఖప్లీ పిండి కలిపి, మరిగిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక రెండు మూడు నిమిషాలు మాత్రమే మదించి, తడిబట్ట కప్పి 40 నిమిషాలు వదిలేయండి. వేడి నీళ్ళకు పిండి పదార్థం కొంత జిగటగా మారి, గ్లూటెన్ చేయలేని పనిని అది చేస్తుంది. చపాతీ చిన్నదిగా, కొంచెం మందంగా వత్తి, అంచు చీలితే వేలితో అతికి కాల్చండి. మీ వీధి పిండిమరలో పట్టించుకునేటప్పుడు మీ ముందు ఏ ధాన్యం పట్టారో చూసుకుని, మొదటి గుప్పెడు పిండి వేరుగా తీయించండి.

నిలవ గురించి ఒక మాట. ఊకతో ఉన్నంతకాలం ఖప్లీకి పురుగు తొందరగా పట్టదు, ఊక తీశాక మాత్రం ముక్కపురుగుకు మిగతా గోధుమలకంటే తక్కువేమీ ఇష్టం కాదు. తవుడుతో ఉన్న పిండి తిరుపతి ఎండలకు నెల తిరగకుండానే చేదెక్కుతుంది. మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోండి, గింజను గట్టి మూత డబ్బాలో ఉంచండి.

చివరగా మీ పొలం. గోధుమ చలిపంట. పిలకలు వేసే రోజుల్లో చల్లదనం కావాలి, గింజ పాలు పోసుకునే రోజుల్లో ఎండ ముదిరితే గింజ నొక్కుకుపోతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు నేలల్లో నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు వచ్చి చేలో నీళ్ళు నిలుస్తాయి. అవి తెరిపిచ్చాక విత్తితే మార్చి ఎండలు గింజ మీద పడతాయి. అందువల్ల అక్కడ వేయమని నేను ఎవరికీ చెప్పను. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, పుంగనూరు, పలమనేరు వైపు కూడా రాత్రి చలి బాగా ఉంటుంది. అక్కడ ప్రయత్నించవచ్చు, కానీ ఎకరమంతా వద్దు. మొదటి ఏడాది ఐదు సెంట్లలో వేయండి, దానికి ఊకతో ఉన్న విత్తనం రెండు కిలోలు సరిపోతుంది.

ఊకతో ఉన్న విత్తనం అన్న మాట మళ్ళీ గుర్తు చేస్తున్నాను. మొదటి ఏడాది నేను తినడానికి తెప్పించుకున్న ఊక తీసిన గింజలనే విత్తాను. నాలుగింట ఒకటి కూడా మొలవలేదు. ఊక తీసే మరలో గింజ మొలక భాగం దెబ్బతింటుందని నాకు తెలిసి ఉండవలసింది, ఆ తొందరలో ఒక పంటకాలం పోయింది. గుల్లను గుల్లగానే విత్తాలి. రకాల్లో ధార్వాడ విశ్వవిద్యాలయం వారి డి.డి.కె. 1025, డి.డి.కె. 1029, పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ వారి ఎం.ఎ.సి.ఎస్. 2971, నీలగిరుల్లోని వెల్లింగ్టన్ కేంద్రం వారి హెచ్.డబ్ల్యూ. 1098 పొట్టి రకాలు, గాలికి పడిపోవు. పాత పొడుగు రకాలు ఎరువు కాస్త ఎక్కువైనా కంకి బరువుకు పడిపోతాయి.

విత్తడం నవంబరు మొదటి పక్షంలో, వాన తెరిపి చూసి, నీళ్ళు నిలవని ఎర్రనేలలో చేయండి. సాలుకూ సాలుకూ మధ్య తొమ్మిది అంగుళాలు, లోతు రెండు అంగుళాలు మించకూడదు. గుల్ల తడి పీల్చుకోవాలి కనుక మొలక మామూలు గోధుమ కంటే రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది, కంగారు పడి మళ్ళీ విత్తవద్దు. విత్తిన తరువాత 20 నుంచి 25 రోజుల మధ్య ఇచ్చే తడి అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ సమయంలోనే పైవేర్లు, పిలకలు పుడతాయి. తరువాత పొట్ట దశలో, పూత దశలో, పాలు పోసుకునే దశలో తడి తప్పకూడదు. పశువుల ఎరువు బాగా వేసిన టమాటా మడిలో వేస్తే నత్రజని మళ్ళీ వేయనవసరం ఉండదు. కంకికి పొడుగాటి ముళ్ళు ఉండటం వల్ల పిట్టల బాధ సజ్జకు ఉన్నంత ఉండదు, ఎలుకల బాధ మాత్రం ఉంటుంది. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో కోతకు వస్తుంది.

ఎకరం వేయవద్దనడానికి చలి కంటే పెద్ద కారణం ఊకే. మన వైపు వడ్లమరలు దీన్ని ఆడించలేవు, గింజ నలిగి నూకవుతుంది. చిరుధాన్యాల ఊక తీసే చిన్న యంత్రం దగ్గరలో ఎవరిదైనా ఉంటే ముందుగా ఐదు కిలోలు తీసుకెళ్ళి ఆడించి చూడండి. అది పనికివస్తేనే రెండో ఏడాది విస్తీర్ణం పెంచే ఆలోచన చేయాలి. ఐదు సెంట్ల పంటను మాత్రం ఇంట్లోనే రోట్లో దంచుకోవచ్చు. గుల్లలను ఒక పూట ఎండలో పెట్టి, పిడికెడు నీళ్ళు చిలకరించి అరగంట మూసి ఉంచి, గింజ పగలకుండా రోకలిని ఎత్తి వేయకుండా ఒరిపిడిగా దంచాలి. గోధుమ తనలో తానే పరాగసంపర్కం చేసుకునే పంట కనుక మీరు పండించిన గుల్లల్లో నుంచే మంచి కంకులవి రెండు మూడు కిలోలు దంచకుండా పక్కకు తీసి, బాగా ఎండబెట్టి, వేపాకు వేసి గోనెసంచిలో దాచితే వచ్చే నవంబరుకు అదే మీ విత్తనం.